ఇంట్లో డిప్రెషన్, ఆత్మహత్య, మతిమరుపు ఉన్నాయి: జీన్ టెస్ట్ చేయించుకోవాలా, మేనరికం మానుకోవాలా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమవుతుంది. ప్రొద్దుటూరు మీది, వయసు 29. అమ్మకి చాలా ఏళ్లుగా డిప్రెషన్ మందులు నడుస్తున్నాయి. మేనమామ 2016లో పురుగుల మందు తాగి చనిపోయారు. అవ్వకి 78 దాటాక మతిమరుపు మొదలైంది. ఆ మామ కూతురితోనే ఇప్పుడు మీ పెళ్లి మాటలు సాగుతున్నాయి. ఈ మధ్య మీకూ పేర్లు, బండి తాళాలు ఎక్కడ పెట్టారో గుర్తుండటం లేదు. ఉమ్మి పంపితే "మానసిక ఆరోగ్య జీన్ రిపోర్టు" ఇస్తామని 18 వేల రూపాయల కిట్టు ఒకటి ఆన్‌లైన్‌లో కనబడింది. అది కొనాలా, పెళ్లి మానుకోవాలా, మతిమరుపు మీకూ దిగిందా, ఇంట్లో పెద్దాయన "కరువులు చూసిన సీమ రక్తం, అదెక్కడికి పోతుంది" అంటున్నదాంట్లో నిజమెంత అని అడిగారు.

కిట్టు కొనొద్దు. డబ్బు దండగ కావడం ఒక్కటే కాదు, వచ్చే రిపోర్టు మిమ్మల్ని ఇంకా కంగారు పెడుతుంది. డిప్రెషన్ భయంతో పెళ్లి మానుకోనక్కర్లేదు. అయితే మేనరికం కాబట్టి చేయించాల్సిన పరీక్షలు వేరే ఉన్నాయి, వాటి సంగతి కింద రాస్తాను. 29 ఏళ్లకి మీ మతిమరుపు అవ్వ నుంచి వచ్చింది కాదు. అది ఎక్కువగా నిద్ర, ఆందోళన, థైరాయిడ్, బీ12 దగ్గర తేలే విషయం. ఉమ్మి పరీక్ష కంటే మీకు పదిరెట్లు ఉపయోగపడేది ఒక ఏ4 కాగితం మీద మూడు తరాల వంశవృక్షం. అదెలా వేయాలో కూడా చెప్తాను.

ముందు లెక్క. డిప్రెషన్‌లో వంశపారంపర్య భాగం దాదాపు 37 శాతం అని కవలల మీద చేసిన అధ్యయనాలన్నీ కలిపి 2000లో తేల్చారు. ఈ అంకె చూసి "నాకు నూటికి 37 పాళ్లు వస్తుంది" అనుకునేవాళ్లే ఎక్కువ. దాని అర్థం అది కాదు. ఒక సమాజంలో కొందరికి జబ్బు వచ్చి కొందరికి రాకపోవడంలో ఉన్న తేడాలో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ జీన్స్ వల్ల, మిగతాది బతుకులో ఎదురైనవాటి వల్ల అని. ఒక్క మనిషికి వచ్చే అవకాశం తెలియాలంటే వేరే లెక్క వేయాలి. మన దేశంలో 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వచ్చినవాళ్లు నూటికి ఐదుగురు. అమ్మకో నాన్నకో అక్కకో ఉంటే అవకాశం రెండు నుంచి మూడు రెట్లు అవుతుంది. అంటే మీ విషయంలో నూటికి పది నుంచి పదిహేను. సర్వేల్లో దాచిపెట్టుకునేవాళ్లు ఎక్కువ కాబట్టి ఇంకొంచెం కలుపుకోండి. అయినా రాకపోయే అవకాశమే చాలా ఎక్కువ.

బైపోలార్ (దిగులు, అతి ఉత్సాహం మార్చి మార్చి వచ్చే జబ్బు), స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినబడటం, లేనిపోని అనుమానాలు ఉండే జబ్బు) అయితే ఈ లెక్క మారుతుంది. వాటిలో వంశపారంపర్య భాగం 60 నుంచి 80 శాతం దాకా ఉంటుంది. స్కిజోఫ్రీనియా జనాభాలో నూటికి ఒకరికి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో నూటికి పది మందికి. అన్ని జీన్స్ ఒకటే అయిన ఏకరూప కవలల్లో కూడా ఒకరికి వస్తే రెండోవారికి వచ్చేది సుమారు సగం సందర్భాల్లోనే. జీన్సే అంతా అయితే అది నూటికి నూరు కావాలి కదా. అందుకే "మీ అమ్మగారిది డిప్రెషనేనా" అన్నది మీరు నన్ను అడిగిన అన్ని ప్రశ్నల కంటే పెద్ద ప్రశ్న. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ఆ రిపోర్టులో ఏముంటుంది

ఇలాంటి రిపోర్టులు ఓపీకి పట్టుకొచ్చేవాళ్లు ఇప్పుడు తరచూ కనబడుతున్నారు. నిగనిగలాడే రంగు కాగితం, పక్కన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చుక్కలు. "ఎస్ఎల్‌సీ6ఏ4: పొట్టి-పొట్టి. భావోద్వేగ తట్టుకునే శక్తి: తక్కువ." "బీడీఎన్ఎఫ్: మెట్ ఉంది. జ్ఞాపకశక్తి: సగటు కంటే తక్కువ." "సీవోఎంటీ: మెట్-మెట్. ఆందోళన స్వభావం." చుక్క ఎర్రగా ఉన్న వరస కింద గీత గీసుకుని మరీ తెస్తారు. ఇంటర్ చదివే పిల్లాడి రిపోర్టులో "సగటు కంటే తక్కువ" అని చూసి ట్యూషన్ మాన్పించాలా అని అడిగే తండ్రులూ ఉన్నారు.

ఇవేవీ కట్టుకథలు కావు, అదే చిక్కు. ప్రతి దాని వెనకా ఒకప్పుడు పెద్ద పత్రికలో వచ్చిన పరిశోధన ఉంది. సెరటోనిన్‌ను నరాల కణాల్లోకి వెనక్కి లాగే ప్రోటీన్‌కి సంబంధించిన ఎస్ఎల్‌సీ6ఏ4 జీన్ పొట్టి రకం ఉన్నవాళ్లు కష్టాలొచ్చినప్పుడు ఎక్కువగా డిప్రెషన్‌లో పడతారని న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పుట్టినప్పటి నుంచి వెంబడించి చూసిన 847 మందిలో 2003లో కనిపెట్టారు. ప్రపంచమంతా దాన్ని పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కించింది. 2009లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఆ సంబంధం కనబడలేదు. 2019లో డిప్రెషన్‌కి బాగా పేరుపడ్డ 18 జీన్స్‌ని లక్షల మంది సమాచారంతో పోల్చి చూశారు. కళ్లు మూసుకుని ఏరిన వేరే జీన్స్ కంటే ఆ 18 ఏమాత్రం మెరుగ్గా లేవు. పాత పరిశోధనలు కొన్ని వందల మందితో చేసినవి. అంత చిన్న గుంపులో కాకతాళీయంగా కూడా సంబంధాలు తేలతాయి. సైన్సు తనను తాను సరిదిద్దుకుంది, కిట్లు అమ్మేవాళ్ల పట్టిక మాత్రం 2003 దగ్గరే ఆగిపోయింది.

బీడీఎన్ఎఫ్ సంగతీ అంతే. ఇది 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మెదడులో జ్ఞాపకాలు తయారయ్యే హిప్పోకాంపస్‌లో నరాల అతుకులు బలపడటానికి ఈ ప్రోటీన్ కావాలి. ఈ జీన్‌లో మెట్ అనే రకం ఉన్నవాళ్లు ఇప్పుడే విన్న కథను తిరిగి చెప్పడంలో కొద్దిగా వెనకబడ్డారని 2003లోనే ఒక పరిశోధన వచ్చింది. ఆసియా దేశాల్లో మెట్ రకం మామూలుగా కనబడేదే, అది ఉన్న కోట్ల మంది చక్కగా చదువుకుని ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఒక మనిషిని ముందు కూర్చోబెట్టుకుని ఈ జీన్ చూసి "నీ జ్ఞాపకశక్తి ఇంత" అని చెప్పడం ఎవరి తరమూ కాదు. రాత్రి నాలుగు గంటలే నిద్రపోతే మర్నాడు కలిగే నష్టం ముందు ఈ తేడా లెక్కలోకి రాదు.

మరి అసలు జీన్స్ ఎక్కడున్నాయంటే, అన్నిచోట్లా. 2019లో జన్యువులన్నీ జల్లెడ పట్టి డిప్రెషన్‌తో సంబంధం ఉన్న 102 చోట్లు గుర్తించారు. ఆ తర్వాత ఆ సంఖ్య వందల్లోకి పెరిగింది. ఒక్కోదాని ప్రభావం గోరంత. అన్నీ కూడి "పాలీజెనిక్ స్కోరు" అని వేస్తే మనుషుల మధ్య తేడాలో కొద్ది శాతాన్నే అది వివరిస్తుంది. పైగా ఆ సమాచారంలో అత్యధిక భాగం ఐరోపా మూలాలవాళ్లది. వాళ్లమీద తయారుచేసిన స్కోరును ప్రొద్దుటూరు మనిషికి తగిలిస్తే ఉన్న కాస్త కచ్చితత్వమూ పడిపోతుంది. మన దేశంలో పది వేల మంది జీనోమ్‌లు చదివే జీనోమ్ ఇండియా పని పూర్తయింది కానీ దాని నుంచి మానసిక జబ్బుల స్కోర్లు ఓపీ దాకా రావడానికి ఇంకా టైం పడుతుంది.

"సీమ రక్తం" గురించి

కోపం, పంతం, ఫ్యాక్షన్ అన్నీ రక్తంలోనే ఉన్నాయని మనవాళ్లే గర్వంగానో నిట్టూరుస్తూనో అంటుంటారు. దానికి సైన్సు తోడు తెచ్చేవాళ్లు ఎంఏవోఏ అనే జీన్ పేరు చెప్తారు, "యోధుల జీన్" అని. అసలు కథ 1993 నాటిది. నెదర్లాండ్స్‌లో ఒకే ఒక్క కుటుంబంలో ఆ జీన్ పూర్తిగా చెడిపోయిన మగవాళ్లలో హద్దులేని ఆవేశం కనబడింది. అంత పూర్తిగా చెడిపోవడం బహు అరుదు. మామూలు జనంలో ఉండేది తక్కువ చురుకైన రకం. అది మగవాళ్లలో మూడో వంతు మందికి పైగా ఉంటుంది, అందులో మీ ఊరి గుడి పూజారి, బడి పంతులు కూడా ఉండొచ్చు. ఫ్యాక్షన్ ఊళ్లలో పుట్టి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటున్న వేల మంది రక్తం మారలేదు, మారింది చుట్టూ ఉన్న పరిస్థితి. ఇంట్లో హత్య చూసిన పిల్లాడికి రాత్రిళ్లు పీడకలలు రావడం, టపాసు పేలితే ఉలిక్కిపడటం జీన్‌తో మొదలయ్యేవి కావు. అలాంటి అనుభవం తర్వాత ఎవరు కోలుకుంటారు, ఎవరికి అది పీటీఎస్‌డీగా, అంటే ఆ గాయం మానకుండా వెంటాడే జబ్బుగా స్థిరపడుతుంది అన్నదాంట్లో జీన్స్‌కి 30 నుంచి 40 శాతం పాత్ర ఉంటుందని కవలల అధ్యయనాలు చెప్తాయి.

ఈ ఒత్తిడి యంత్రాంగం కొంచెం వివరంగా తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే జీను, బతుకు ఒకదానితో ఒకటి ముడిపడే చోటు ఇదే. భయం కలిగితే మెదడు అడుగున ఉన్న హైపోథలమస్ పిట్యూటరీ గ్రంథికి, అది మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులకి సంకేతం పంపుతుంది. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను విడుదలవుతుంది. ఆ కార్టిసాలే మళ్లీ మెదడుకి చేరి "ఇక చాలు" అని ఆ వ్యవస్థని ఆపాలి. ట్యాంకు నిండగానే ఆగిపోవాల్సిన బోరు మోటారు ఆగకుండా తిరిగితే ఎలా ఉంటుందో, ఆ ఆపే సంకేతం పనిచేయకపోతే ఒళ్లు అలా ఉంటుంది. ఆపడంలో ఎఫ్‌కేబీపీ5 అనే ప్రోటీన్‌ది కీలక పాత్ర; అది ఎక్కువైతే కార్టిసాల్‌ని పట్టుకునే గ్రాహకం మొద్దుబారుతుంది. ఈ జీన్‌లో ఒక రకం ఉండి, చిన్నప్పుడు హింసకు గురైనవాళ్లలో పీటీఎస్‌డీ లక్షణాలు ఎక్కువ అని 2008లో వచ్చింది. చిన్ననాటి హింస ఆ జీన్ మీద ఉండే రసాయన గుర్తుల్ని చెరిపి, జీన్ మరింత తేలిగ్గా తెరుచుకునేలా చేస్తుందని 2013లో చూపించారు. జీన్ అక్షరాలు మారలేదు, దాని మీద గుర్తులు మారాయి. ఒక్క జీన్ పరిశోధనల మీద నేను పైన పెట్టిన అనుమానం దీనికీ వర్తిస్తుంది. అయినా కార్టిసాల్ ఆగకపోవడం, నెలల తరబడి అలాగే ఉంటే హిప్పోకాంపస్ దెబ్బతినడం మాత్రం బలమైన ఆధారం ఉన్న విషయాలు.

కరువు మాట. 1876-78 ధాత కరువులో సీమలో పల్లెలకి పల్లెలు ఖాళీ అయ్యాయి. ఆ గాయం ఐదారు తరాలు దాటి మీ డీఎన్ఏ మీద గుర్తుగా మిగిలిందా అంటే, మనుషుల్లో అలా తరాలు దాటినట్టు గట్టి రుజువు లేదు. ఎలుకల్లో చూపినవాటిని మనుషులకి అంటగట్టి యూట్యూబ్‌లో చెప్తుంటారు. రుజువున్నది వేరే విషయానికి: తల్లి గర్భంలో ఉండగా ఆకలి. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో తిండి దొరకనప్పుడు కడుపులో పడ్డ పిల్లల్లో పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా సుమారు రెట్టింపు కనబడింది, జీన్ల మీద రసాయన గుర్తుల్లో తేడా ఆరు దశాబ్దాల తర్వాత కూడా దొరికింది. దీని నుంచి మనం తీసుకోవాల్సింది తాతల కరువు కాదు, ఇప్పటి గర్భిణి కంచంలో ఏముందన్నది.

మీ మతిమరుపు

జ్ఞాపకం మూడు మెట్లు: లోపలికి ఎక్కడం, నిలవడం, తిరిగి పైకి రావడం. ఆందోళనలో చెడేది మొదటి మెట్టు. తాళాలు ఎక్కడ పెట్టారో మర్చిపోలేదు మీరు, పెట్టేటప్పుడు మనసు అక్కడ లేదు. అల్జీమర్స్‌లో చెడేది ప్రధానంగా రెండోది. ఇంట్లోనే తేడా చూడొచ్చు: సంబంధం లేని ఐదు మాటలు ఎవరితోనైనా చదివించుకోండి, ఉదాహరణకి గుమ్మడి, రైలు, చెంబు, నారింజ, తలుపు. పది నిమిషాలు వేరే పని చేసి గుర్తుచేసుకోండి. రానివాటికి "ఒకటి పండు", "ఒకటి ప్రయాణానికి" అని సూచన ఇప్పించుకోండి. సూచన ఇవ్వగానే టక్కున వస్తే అది శ్రద్ధ లోపం. సూచన ఇచ్చినా రాకుండా, అసలు అలాంటి మాటలు విన్న సంగతే లేదంటే అప్పుడు డాక్టరు చూడాలి. ఇది నిర్ధారణ పరీక్ష కాదు, ఎటు పోవాలో చెప్పేది మాత్రమే.

చేయించాల్సినవి: టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12, హిమోగ్లోబిన్, షుగర్. ఇవి ప్రొద్దుటూరులో ఏ ల్యాబ్‌లోనైనా అవుతాయి. బీ12 200 పికోగ్రాముల కంటే తక్కువుంటే అదే కారణం కావచ్చు, శాకాహారులకీ, ఏళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకీ ఇది మామూలు. పరీక్షకి ముందే బీ-కాంప్లెక్స్ మాత్రలు మింగి వెళ్తే అంకె బాగున్నట్టు వచ్చి మోసం చేస్తుంది, ఇది చాలా మంది చేసే పొరపాటు. గురక పెట్టి, పొద్దున లేవగానే తలనొప్పి ఉంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కోసం చూడాలి. మద్యం తాగే అలవాటుంటే డాక్టరు దగ్గర దాచకండి. నిద్రకి అల్ప్రాజోలం కొనుక్కుని వేసుకుంటున్నట్టయితే మతిమరుపుకి అదొక్కటే చాలు. అలాగని నెలలుగా వాడేదాన్ని ఒక్కసారి ఆపితే ఫిట్స్ రావచ్చు, మెల్లగా తగ్గించుకోవాలి.

అవ్వ సంగతి. 78 దాటాక మొదలైన మతిమరుపు మనవళ్లకి పెద్దగా ఏమీ చెప్పదు. ఆ వయసు అల్జీమర్స్‌తో సంబంధం ఉన్న ముఖ్యమైన జీన్ ఏపీవోఈ, 19వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. దాని ఈ4 రకం ఒకటి ఉంటే ముప్పు సుమారు మూడు రెట్లు, రెండుంటే ఎనిమిది నుంచి పన్నెండు రెట్లు అని ఐరోపా మూలాలవాళ్ల లెక్క. మన దేశంలో ఈ4 ఉన్నవాళ్లు ఉత్తర ఐరోపాలో కంటే తక్కువ. ఈ4 ఉండి ఎనభై దాటినా శుభ్రంగా ఉన్నవాళ్లున్నారు, లేకుండా జబ్బు పడ్డవాళ్లూ ఉన్నారు. 29 ఏళ్లకి అది తెలుసుకుని మీరు చేయగలిగిందల్లా బీపీ, షుగర్ అదుపులో పెట్టుకోవడం, రోజూ నడవడం, చెవి వినబడకపోతే మిషన్ పెట్టుకోవడం. తెలుసుకోకపోయినా చేయాల్సినవి అవే.

జీన్ పరీక్ష నిజంగా అవసరమయ్యే సందర్భాలు

కిట్టు వద్దన్నాను కానీ జీన్ పరీక్షలన్నీ వద్దనలేదు. ఒకే జీన్ చెడి వచ్చే జబ్బులు కొన్ని మానసిక జబ్బు వేషంలో వస్తాయి. అక్కడ పరీక్ష ప్రాణం నిలబెడుతుంది.

మొదటిది విల్సన్ జబ్బు. మేనరికాలున్న మన ప్రాంతంలో ఇది ప్రతి డాక్టరు మనసులో ఉండాలి. 13వ క్రోమోజోమ్ మీది ఏటీపీ7బీ జీన్ రెండు కాపీలూ చెడితే రాగి ఒంట్లోంచి బయటికి పోక కాలేయంలో, మెదడులో పేరుకుంటుంది. పదిహేను, ఇరవై ఏళ్ల కుర్రాడు. ఉన్నట్టుండి చదువులో వెనకబడతాడు, ఊరికే ఏడుస్తాడు లేదా మీద పడతాడు, రాత ముద్దగా మారుతుంది, మాట నత్తిగా వస్తుంది, చొల్లు కారుతుంది. గాలి సోకిందని తాయెత్తులు కట్టించి, తర్వాత పిచ్చి మందులు వేయించి, రెండేళ్లు పోయాక ఎవరో రాగి పరీక్ష రాస్తారు. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ 20 మిల్లీగ్రాముల కంటే తక్కువ, 24 గంటల మూత్రంలో రాగి 100 మైక్రోగ్రాముల పైన, కంటి నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం. వలయం మామూలు చూపుకి దొరక్కపోవచ్చు, కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్‌లో చూడాలి. పెనిసిలమిన్, జింక్‌తో జీవితాంతం వైద్యం ఉంది, తొందరగా పట్టుకుంటే మామూలు మనిషవుతాడు. ఒకరికి తేలితే తోబుట్టువులందరికీ పరీక్ష తప్పనిసరి, ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది.

హంటింగ్టన్ జబ్బు ఇంకొకటి: నడివయసులో చిరాకు, దిగులు, ఆపలేని చేతుల కాళ్ల కదలికలు, ప్రతి తరంలోనూ సగం మందికి. అలాగే 60 లోపే, వరసగా రెండు మూడు తరాల్లో అల్జీమర్స్ వస్తే పీఎస్ఈఎన్1 లాంటి జీన్స్ చూడాలి. ఈ రెండింటికీ ముందు జన్యు సలహా తీసుకోకుండా రక్తం ఇవ్వకూడదు. నివారణ లేని జబ్బు వస్తుందని ముందే తెలుసుకోవడం అందరూ మోయగలిగిన బరువు కాదు.

మందుల విషయంలో రెండు. బైపోలార్‌కో ఫిట్స్‌కో కార్బమాజెపిన్ మొదలుపెట్టేవాళ్లలో హెచ్‌ఎల్‌ఏ-బీ 15:02 అనే జీన్ రకం ఉంటే ఒళ్లంతా చర్మం ఊడిపోయే ప్రాణాంతకమైన రియాక్షన్ రావచ్చు. ఆసియా మూలాలవాళ్లకి ఈ పరీక్ష చేయించమని అమెరికా ఎఫ్‌డీఏ 2007లోనే చెప్పింది. పరీక్ష కుదరకపోతే మొదటి రెండు నెలలు కనిపెట్టుకుని ఉండండి, జ్వరంతో పాటు దద్దుర్లు, నోట్లో పుండ్లు వస్తే ఆ పూట నుంచే మాత్ర ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలి. రెండోది సీవైపీ2సీ19, డిప్రెషన్‌కిచ్చే ఎస్‌సిటలోప్రామ్ లాంటి మందుల్ని కాలేయంలో విరిచే ఎంజైము. ఇది మందకొడిగా ఉండేవాళ్లు ఐరోపాలో కంటే మనలో ఎక్కువ. వాళ్లకి మామూలు మోతాదే ఎక్కువైపోయి వికారం, కంగారు వస్తాయి, "మందు పడలేదు" అని మానేస్తారు. దీనికి పరీక్ష లేకుండానే పని జరుగుతుంది: 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచమని డాక్టర్ని అడగండి.

ఇంకొకటి మీ ఊరివాళ్లందరూ తెలుసుకోవాల్సింది. ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి పుట్టుకతోనే బ్యుటిరిల్ కోలినెస్టరేస్ అనే ఎంజైము ఉండదు. అది జబ్బు కాదు, దాంతో నూరేళ్లు హాయిగా బతకొచ్చు. చిక్కల్లా మత్తు ఇచ్చేటప్పుడు వాడే సక్సినైల్ కోలిన్ అనే మందుతోనే. కరెంటు చికిత్స అని మనవాళ్లు భయపడే ఈసీటీ ఇచ్చేటప్పుడు కండరాలు వదులవడానికి ఇచ్చేది ఆ మందే. మామూలుగా ఐదు, పది నిమిషాల్లో దిగిపోవాల్సింది వీళ్లలో గంటల తరబడి దిగదు, అంతసేపూ ఊపిరి వెంటిలేటర్ మీదే. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత "మెలకువ ఆలస్యమైంది, మిషన్ మీద పెట్టారు" అన్న మాట ఉంటే మత్తు డాక్టరుకి ముందే చెప్పాలి. సూడోకోలినెస్టరేస్ అనే మామూలు రక్త పరీక్షతో తేలిపోతుంది, వేరే మందు వాడతారు.

కాగితం మీద వంశవృక్షం

మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి సున్నా, పెళ్లికి అడ్డగీత, మేనరికానికి రెండు గీతలు. మీతో మొదలుపెట్టి మూడు తరాలు పైకి వెళ్లండి. ప్రతి ఒక్కరి పక్కన జబ్బు ఏ వయసులో మొదలైంది, వాడిన మందుల పేర్లు, ఏది పనిచేసింది, తాగుడు, ఫిట్స్, నడక తేడా, పోయిన వయసు, కారణం రాయండి. పాత చీటీలు దొరికితే ఫోటో తీసి పెట్టుకోండి.

ఇక్కడ చెడేది ప్రశ్న అడిగే తీరు. "మన ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉందా" అంటే లేదనే అంటారు. "కడుపునొప్పి తాళలేక" పోయినవాళ్లు ఉన్నారా, ఇల్లు విడిచి వెళ్లిపోయినవాళ్లు, కాన్పయ్యాక కొన్నాళ్లు "గాలి సోకిన"వాళ్లు, వారాల తరబడి నిద్రపోకుండా అప్పులు చేసి ఖర్చుపెట్టినవాళ్లు ఉన్నారా అని అడగండి. అప్పుడు ముసలమ్మలు నోరు విప్పుతారు. మేనరికంలో ఇంకో తికమక: మీ అవ్వే ఆ అమ్మాయికి జేజి. మీ మామే రేపు మీకు పిల్లనిచ్చిన మామ అయ్యేవారు. ఒకే మనిషిని రెండు వైపులా రాసి "రెండు వైపులా ఆత్మహత్యలున్నాయి" అని డాక్టరుకి చెప్తే లెక్క తప్పుతుంది.

పెళ్లి

మామ కూతురితో పెళ్లిలో పిల్లలకి ఏ జీన్ తీసుకున్నా రెండు వైపుల నుంచీ ఒకే పూర్వీకుడి కాపీ చేరే అవకాశం పదహారింట ఒక వంతు. అక్క కూతురిని చేసుకుంటే ఎనిమిదింట ఒక వంతు. దీనివల్ల పెరిగేది ముఖ్యంగా రెండు కాపీలూ చెడితేనే వచ్చే జబ్బులు: విల్సన్, తలసీమియా, పుట్టు చెవుడు, కొన్ని రకాల బుద్ధిమాంద్యం. దగ్గర బంధుత్వం లేని దంపతుల పిల్లల్లో పుట్టు లోపాలు నూటికి మూడు అయితే, ఇలాంటి పెళ్లిళ్లలో ఐదారు. డిప్రెషన్ లాంటి వందల జీన్ల వ్యవహారంలో మేనరికం వల్ల అదనంగా పడే భారం చిన్నదే. అందుకే 18 వేలు ఖర్చుపెట్టాలనే ఉంటే ఇద్దరూ హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో తలసీమియా పరీక్ష చేయించుకోండి, బంధువుల్లో వినికిడి లోపమో, చిన్నప్పుడే పోయిన పిల్లలో ఉంటే పెళ్లికి ముందే జన్యు సలహాదారుని కలవండి.

మీరు మొత్తం ప్రశ్నలో మీ గురించీ పుట్టబోయే పిల్లల గురించీ అడిగారు, ఆ అమ్మాయి గురించి అడగలేదు. మేనమామ మీకు రెండో వరస బంధువు, ఆమెకి కన్నతండ్రి. జీన్స్ లెక్కలోనూ, 2016లో ఆ ఇంట్లో జరిగినదాన్ని చూసిన లెక్కలోనూ ఎక్కువ బరువు ఆమె మీదే ఉంది. నిద్ర ఎలా పడుతోంది, నాన్న గురించి ఎవరితోనైనా మాట్లాడిందా అని ఎవరైనా అడిగారో లేదో కనుక్కోండి. పెళ్లయి కాన్పయితే మొదటి ఆరు వారాలు ప్రత్యేకంగా గమనించాలి. పది ప్రశ్నల ఎడిన్‌బరో స్కేల్ ఉంది, పిల్లల టీకాకి వెళ్లినప్పుడు అడిగి చేయించొచ్చు. ఎప్పుడైనా ఆమెకి మూడ్ మందు అవసరమైతే సోడియం వాల్‌ప్రొయేట్ మాత్రం గర్భం వచ్చే వయసులో వద్దని గట్టిగా చెప్పండి. గర్భంలో అది పడ్డ పిల్లల్లో నూటికి పది మందికి అవయవ లోపాలు, ముప్పై నలభై మందికి ఎదుగుదల సమస్యలు.

ఆత్మహత్య వంశంలో ఉన్నప్పుడు జీన్ మార్చలేం, చేతికందే వస్తువుని మార్చగలం. పురుగుల మందు తాగాలన్న ఆవేశం చాలామందిలో కొద్ది నిమిషాలో, కొద్ది గంటలో ఉండి దాటిపోతుంది. ఆ కాసేపు ఆ మందు డబ్బా ఇంట్లో మూలన ఉందా లేదా అన్నదే బతుకుని తేలుస్తుంది. శనక్కాయకో పత్తికో మందు కొట్టే ఇల్లయితే ఆ పూటకి కావాల్సినంతే తెచ్చుకోండి, మిగిలింది ఇంట్లో కాదు, తాళం వేసిన పెట్టెలో పొలం దగ్గరే ఉంచి తాళంచెవి వేరేవాళ్ల దగ్గర పెట్టండి. అమ్మగారి మాత్రలు కూడా నెలవి ఒకేసారి ఇవ్వకుండా వారానికొకసారి చేతికివ్వండి. ఎవరికైనా చావు మాటలు వస్తుంటే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్, తెలుగులో ఏ వేళలోనైనా మాట్లాడతారు, డబ్బు పడదు. కడప రిమ్స్‌లో, కర్నూలు, అనంతపురం ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక విభాగాలున్నాయి, మందులు ఉచితం. జిల్లా స్థాయిలో మానసిక వైద్యం అన్న ఆలోచనని బెంగళూరు నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రి వాళ్లు మొదట నడిపి చూపించింది 1985లో మన పక్కనున్న బళ్లారిలోనే. ఆత్మహత్యాయత్నం చేసినవాళ్ల మీద కేసు పెడతారన్న భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు.

ఇక మొదట్లో వాయిదా వేసిన ప్రశ్న, అమ్మగారిది డిప్రెషనేనా అన్నది. అమ్మగారికి డిప్రెషన్ మొదలవక ముందో, మధ్యలోనో వారం పది రోజులు నిద్ర లేకపోయినా అలుపు లేకుండా, మాట ఆపకుండా, అవసరం లేనివి కొంటూ, లేదా ప్రతివాళ్లతో తగువు పెట్టుకుంటూ గడిపిన కాలం ఉందేమో ఇంట్లో అడగండి. పాత చీటీల్లో లిథియం, వాల్‌ప్రొయేట్, ఒలాంజపిన్, క్విటయపిన్ పేర్లున్నాయేమో చూడండి. ఉంటే అది బైపోలార్ కావచ్చు. అప్పుడు పైన మీకు చెప్పిన అంకెలు మారతాయి. రేపు మీకు దిగులు వచ్చి ఎవరైనా ఎస్‌సిటలోప్రామ్ ఒక్కటే రాసిస్తే, అమ్మకి బైపోలార్ అన్న సంగతి ఆ డాక్టరుకి తెలిసి తీరాలి, ఎందుకంటే ఆ మందు ఒక్కటే వాడితే కొందరిలో మనసు అటు తిరిగి మేనియాలోకి, అంటే ఇప్పుడు చెప్పిన ఆ నిద్రలేని అతి ఉత్సాహంలోకి వెళ్తుంది. ఆమెకి లిథియం బాగా పనిచేసి ఉంటే అదీ రాసుకోండి, లిథియంకి లొంగే గుణం కుటుంబాల్లో కనబడుతుంది. చీటీలు దొరికాక పేరు, ఊరు, డాక్టరు వివరాలు చెరిపేసి, మందుల పేర్లు, మోతాదులు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా వాడారో ఇక్కడే కింద రాయండి, చూసి చెప్తాను.